మసీదు ముంగిట నీరు



నమాజు చేయబోయే మనిషి మొదట నీటి దగ్గరకు వెళ్తాడు. చేతులు కడుగుకొంటాడు. నోరు పుక్కిలిస్తాడు. ముక్కును, ముఖాన్ని శుభ్రం చేసుకొంటాడు. మోచేతుల దాకా తడుపుకొంటాడు. తడిచేతితో తల నిమురుకొంటాడు. కడపట పాదాలు కడుగుకొంటాడు. దీనిని వజూ అంటారు. వజూ లేక నమాజు లేదు. అందువల్ల ప్రపంచంలో ఎక్కడ మసీదు వెలసినా, దాని ముంగిట నీటికి ఒక స్థానం ఏర్పడినది.

ఆ నీరు కాళ్ళమీదుగా జారిన తరువాత ఎక్కడికి పోతున్నది? ఈనాడు మీ ముందు ఉంచదలచిన ప్రశ్న ఇదొక్కటే. ఆసియా ఖండంలోని పాత మసీదులను, కొత్త మసీదులను కొన్నింటిని మనసుతో చూచివచ్చి, తిరిగి మన అనంతపురం నేలమీద నిలిచి, దీనికి సమాధానం వెదకుదాం.

మసీదు కట్టడంలో ఏ దేశమందైనా మారనివి రెండు కలవు. మొదటిది దిశ. రెండవది శుద్ధి. ప్రార్థన చేయువారందరూ మక్కాలోని కాబా వైపు తిరిగి నిలుస్తారు. ఆ దిశను ఖిబ్లా అంటారు. మన అనంతపురంనుంచి చూస్తే అది పడమర, కొంచెం ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. యెమెన్‌లోని ఏడెనులో ఉన్నవారికి అదే ఖిబ్లా ఉత్తరం, కొంచెం పడమరకు ఒరిగి ఉంటుంది. బుఖారాలో ఉన్నవారికి నైరృతి. దిశ పేరు మారుతుంది గాని, గమ్యం మారదు. ఇక శుద్ధి సంగతి మీకు మనవి చేసితిని. అది నీటితో జరుగుతుంది.

ఈ రెండూ తప్ప తక్కినదంతా ఆయా నేల ఇచ్చినదే. రాయి ఉన్నచోట రాయి, ఇటుక కాల్చే మట్టి ఉన్నచోట ఇటుక, అడవులు ఉన్నచోట కర్ర. గుమ్మటం ఉండవచ్చును, ఉండకపోవచ్చును. మినారు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. దీనికి నిదర్శనం కొరకు మనం దూరం పోనక్కరలేదు. మన పొరుగుననే ఉన్న హంపీకి వెళ్ళండి. అక్కడ 1439లో రెండవ దేవరాయల కొలువులోని అహమ్మద్ ఖాన్ అనే అధికారి ఒక మసీదు కట్టించినాడు. దానికి గుమ్మటం లేదు. మినారు లేదు. రాతి స్తంభాలు, చదునైన రాతి కప్పు, ముందర తెరచిన వసారా. దూరంనుంచి చూచినవారు దానిని దేవాలయ మంటపమనే భావిస్తారు. తన ప్రభువుకు పుణ్యం కలుగుగాక అని ఆ అధికారి వేయించిన శాసనం దానిని ధర్మశాల అని పేర్కొన్నది. విజయనగరపు శిల్పులు తమకు తెలిసిన పద్ధతిలో, తమకు దొరికిన రాతితో, తమ రాజ్యంలోని ముస్లిముల ప్రార్థనకు ఒక చోటు కట్టి ఇచ్చినారన్నమాట.

అదే విజయనగర ప్రభువులు 1565 నాటి యుద్ధం తరువాత రాజధానిని మన పెనుకొండకు మార్చుకొన్నారు. పెనుకొండలో షేర్‌ఖాన్ మసీదు కలదు. అదీ ఆ కొండల రాతి కట్టడమే. ఆ ఊరిలోనే పార్శ్వనాథుని జైనాలయమూ కలదు. కోట గోడకూ, గుడికీ, జైనాలయానికీ, మసీదుకూ ఆ నేల ఒకే రాతిని ఇచ్చినది.

ఉత్తరానికి పోతే హైదరాబాదు మక్కా మసీదు. 1617లో మొదలైనది. కుతుబ్‌షాహీ ప్రభువుల కాలమంతా సాగి, వారి రాజ్యమే అంతరించిన పిమ్మట, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తి అయినది. అనగా 77 సంవత్సరాల పని. అది కడుతూ ఉండగా చూచిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఒక సంగతి వ్రాసిపెట్టినాడు. ప్రార్థనా కుడ్యంలోని గూటికి కావలసిన ఒకే ఒక్క శిలను గనినుంచి తీయడానికి ఐదారు వందల మంది ఐదేళ్ళు పనిచేసినారట. దానిని ఈడ్చుకొని రావడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చినవట. దక్కను రాయి అంత గట్టిది. ఆ గట్టితనాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. ఈ ప్రసంగంలో అది మరల వస్తుంది.

ఇక ఖండమంతా చూడండి. జావా ద్వీపంలోని డెమాక్ మసీదు కర్ర స్తంభాలమీద నిలిచి, అంతస్తులు అంతస్తులుగా దిగే కప్పుతో ఆ వాననేలకు తగినట్లు ఉన్నది. చైనాలోని షియాన్ మసీదు పచ్చని తోటల నడుమ, వంపు తిరిగిన చూరులతో, అచ్చంగా చైనా దేశపు మందిరంలా ఉన్నది. పాకిస్తానులో 1986లో పూర్తయిన ఫైసల్ మసీదును టర్కీ శిల్పి వేదాత్ దలోకాయ్ ఎడారి గుడారపు ఆకారంలో రూపొందించినాడు. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో మెరీనా తబస్సుమ్ అనే మహిళా శిల్పి, తన అమ్మమ్మ దానం చేసిన స్థలంలో, 2012లో బైత్ ఉర్ రవూఫ్ మసీదు కట్టినది. గోడలన్నీ ఇటుకే. గుమ్మటం లేదు, మినారు లేదు. కప్పులోని గుండ్రటి రంధ్రాలగుండా వెలుగు జల్లుగా నేలమీద పడుతుంది. 2016లో దానికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించినది.

ఇన్ని రూపాలు. కాని మారనివి రెండే. దిశ, శుద్ధి. శుద్ధికి నీరు.

ఇప్పుడు ఆ నీటి కథకు వద్దాం.

ఇరాన్ దేశంలో యజ్ద్ అనే నగరం ఉన్నది. ఎడారి నడుమ ఉన్నది. అక్కడ సంవత్సరమంతా కురిసే వాన నూరు మిల్లీమీటర్లకు లోపే. మనది కరవు సీమ అంటున్నాము గదా, మన అనంతపురంలో సగటున సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే వారికన్న మనకు ఐదు రెట్లకు పైగానే ఎక్కువ. అయినను ఆ నగరం వందల సంవత్సరాలుగా జీవించి ఉన్నది. ఎట్లా? కొండల అడుగున ఊరే నీటిని, భూమిలోపల తవ్విన సొరంగపు కాలువలగుండా, ఎండ తగలకుండా, ఆవిరి కాకుండా, మెల్లగా వాలు పెట్టి ఊరిలోకి తెచ్చుకొన్నారు. వాటిని ఖనాతులు అంటారు. జార్చ్ ఖనాత్ అనేది 70 కిలోమీటర్లకు పైగా పొడవు ఉన్నది. అది యజ్ద్ జామే మసీదు అడుగునుంచి పోతున్నది. భక్తులు మెట్లు దిగి, ఆ చల్లని చీకటిలో పారే నీటితో వజూ చేసుకొనేవారు. వారు వాడగా మిగిలిన నీరు ముందుకు పోయేది. ఎవరి దగ్గరా ఆగేది కాదు. వృథా అయ్యేది కాదు.

ఇంకొక చోటు చూడండి. బంగ్లాదేశ్‌లోని బాగేర్‌హాట్. సుందరవనాలకు చేరువ. అక్కడ నీటికి కొదవ లేదు. కాని ఆ నీరు ఉప్పు. 15వ శతాబ్దంలో ఖాన్ జహాన్ అలీ అనే అధికారి అక్కడ ఒక నగరాన్నే నిర్మించినాడు. అరవై గుమ్మటాల మసీదు అని పేరుపడిన ఆయన కట్టడానికి నిజానికి ఎనభై పైచిలుకు గుమ్మటాలు ఉన్నవి. అరవై ఉన్నవి లోపలి స్తంభాలు. అయితే నేను చెప్పవచ్చినది గుమ్మటాల సంగతి కాదు. ఆ మసీదు ప్రక్కనే ఆయన ఒక పెద్ద చెరువు తవ్వించినాడు. ఇట్టివే మరికొన్ని తవ్వించినాడు. వానకాలపు తీపి నీరు వాటిలో నిలిచినది. ప్రార్థనకు వచ్చినవారికీ, ఊరివారికీ తాగునీరు దొరికినది. 1459లో ఆయన కాలం చేసినాడు. ఆ చెరువు ఈనాటికీ ఉన్నది.

చూచినారా? ఎడారిలో ఒక తీరు, ఉప్పునేలలో మరొక తీరు. కాని ఇద్దరూ చేసినది ఒకటే. మసీదు కట్టేటప్పుడే నీటిని గురించి ఆలోచించినారు. మన దక్కనులో ఆ ఆలోచనకు హౌజు అని పేరు. మక్కా మసీదు ఆవరణలో అడుగుపెట్టగానే కనిపించే ఆ పెద్ద రాతి తొట్టి, అదే హౌజు.

నీటి విషయంలో ఇస్లాం ధర్మం చెప్పినది ఏమి? ప్రవక్త ముహమ్మద్ గారు వజూ కొరకు ఒక ముద్ద్ నీరు వాడేవారని హదీసులు చెప్పుచున్నవి. ముద్ద్ అనేది ఒక కొలత. మన లెక్కలో సుమారు ముక్కాలు లీటరు. ఒక చిన్న చెంబెడు నీళ్ళు! పారే ఏటి ఒడ్డున కూర్చున్నా సరే, వజూలో నీటిని దుబారా చేయరాదని కూడా ఆయన బోధించినట్లు మరొక హదీసు కలదు. ఇక నీరే దొరకనప్పుడు, పరిశుభ్రమైన మట్టిని తాకి ముఖము, చేతులు నిమురుకొంటే చాలును. దానిని తయమ్ముమ్ అంటారు. ఎడారిలో పుట్టిన ధర్మం, నీటి విలువ ఎరిగిన ధర్మం, నీటికి అంతటి మర్యాద ఇచ్చినది.

శ్రోతలారా, ఇప్పుడు మన నేలకు వద్దాం.

నైరృతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటి మన దగ్గరకు వచ్చేసరికి వాటిలో తడి తరిగిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరంనుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం ఉడిగిపోతుంది. రెండు వానలకూ కడపటి చుట్టాలము మనము. ఈ సంగతి విజయనగరపు పాలకులకు బాగుగా తెలుసును. అందుకే 14వ శతాబ్దంలోనే బుక్కరాయసముద్రం చెరువు, అనంతసాగరం చెరువు కట్టించినారు. మన పట్టణం ఆ చెరువుల చలవన పుట్టినది. తరువాత బావులు వచ్చినవి. బావుల తరువాత బోర్లు వచ్చినవి. ఒక బోరు ఎండితే మరొకటి, అది ఎండితే ఇంకా లోతున మరొకటి వేస్తున్నాము. అడుగున ఉన్నది ఏమి? ఇందాక 1,400 ఎద్దులు లాగిన రాయి, ఆ జాతి రాయే. అందులో నీరు నిలువదు. పగుళ్ళలో మాత్రమే దాగుతుంది. పైనుంచి మనం ఇంకించినంతే లోపల ఉంటుంది. ఇంకించనిది తోడుకోలేము.

కరవు వచ్చిన ఏట మనవారు ఏమి చేస్తారో మీకు తెలుసును. ఊరి చావడిలో విరాటపర్వం చదివిస్తారు. ముస్లిములు ఈద్గా మైదానంలో చేరి, వాన కొరకు ప్రత్యేకంగా నమాజు చేస్తారు. ఇద్దరూ తల ఎత్తి చూచేది ఒకే ఆకాశాన్ని. ఆ ప్రార్థన పవిత్రమైనది. అయితే ఆకాశంనుంచి నీటిని అడిగే చేతులు, కొళాయినుంచి వచ్చిన నీటిని కూడా అంతే భక్తితో చూడవలెను గదా!

ఇక్కడనే నా మనవి. పూర్వం హౌజు ఉండేది, చెంబు ఉండేది, మూతి ఉన్న లోటా ఉండేది. ఎంత కావలెనో అంతే వంపుకొనేవారు. ఇప్పుడు పల్లెలోని చిన్న మసీదులో కూడా వరుసగా కొళాయిలు ఉన్నవి. ముసలివారికి కూర్చోవడానికి అరుగులు ఉన్నవి. సౌకర్యం మంచిదే. కాని కొళాయి తిప్పి, తల నిమురుకొనేంతసేపూ దానిని వదిలివేస్తే, నీరు ఊరక పోతుంది. పోయిన నీరు మురుగు కాలువలో కలుస్తుంది.

మన ఇండ్లలో అమ్మలు ఏమి చేస్తారో ఆలోచించండి. బియ్యం కడుగుతారు. ఆ కడుగునీటిని మోరీలో పోయరు. కుడితి తొట్టిలో పోస్తారు. గొడ్డు తాగుతుంది, పాలిస్తుంది. కడుగునీరు మురికినీరు కాదని ఆ తల్లికి తెలుసు. వజూ నీరు కూడా అట్టిదే. అందులో సబ్బు లేదు. నూనె లేదు. చేతులమీది దుమ్ము, పాదాలమీది మట్టి మాత్రమే ఉన్నవి. అది మురుగు కాదు. మోరీలో కలిపినందువల్లనే అది మురుగు అవుతున్నది.

ఎంత నీరు అది? మీరే లెక్క వేయండి. ఒక మసీదుకు పూటకు నలభై మంది వస్తారనుకొందాం. ఒక్కొక్కరు కొళాయి దగ్గర మూడు లీటర్లు వాడుతారనుకొందాం. పూటకు 120 లీటర్లు. రోజుకు ఐదు పూటలు. అంటే 600 లీటర్లు. సంవత్సరానికి రెండు లక్షల లీటర్లకు పైమాటే. ఇప్పుడు ఆ మసీదు కప్పుమీద పడే వాన ఎంతో చూడండి. కప్పు వంద చదరపు మీటర్లనుకొంటే, మన 550 మిల్లీమీటర్ల వానకు అది సంవత్సరానికి 55,000 లీటర్లు. అనగా కప్పుమీద కురిసే వానకన్న, వజూ అరుగుమీద జారిపోయే నీరు దాదాపు నాలుగింతలు. మరల చెప్పుచున్నాను. నాలుగింతలు! వాన మనకు కొత్తగా వచ్చే నీరు. వజూ నీరు మనం భూమినుంచి అప్పు తెచ్చుకొన్న నీరు. వచ్చినదానిని దాచుకోవలెను. అప్పు తెచ్చినదానిని తీర్చవలెను.

తీర్చే పద్ధతి కష్టమైనది కాదు. నెమ్మదిగా చెప్పుతాను, వినండి.

మొదట, వజూ అరుగు దగ్గరి గొట్టాన్ని మరుగుదొడ్డి గొట్టంతో కలుపవద్దు. ఇది ముఖ్యం. రెండింటికీ రెండు దారులు ఉండవలెను. కొత్తగా కట్టేవారు పునాదినాడే ఈ మాట మేస్త్రీతో చెప్పండి. పాతవాటిలో ఆ ఒక్క గొట్టాన్ని విడదీయించండి.

తరువాత, ఆ గొట్టం చివర ఒక చిన్న తొట్టి కట్టించండి. అందులో గులకరాళ్ళు, ఇసుక వేయండి. మట్టి, వెంట్రుకలు అక్కడనే ఆగిపోతవి. అప్పుడప్పుడు ఆ ఇసుక తీసి కడిగి వేయవలెను.

అక్కడనుంచి నీటిని చెట్ల పాదులకు మళ్ళించండి. వేప, కానుగ, చింత, ఏదైనా సరే, మన ఎండకు తట్టుకొనేది నాటండి. చెట్లు తాగగా మిగిలిన నీటికి ఒక ఇంకుడు గుంత తవ్వించండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అంతకన్న కొంచెం లోతు. అడుగున పెద్ద రాళ్ళు, వాటిపైన కంకర, దానిపైన ఇసుక. మూత ఉండవలెను, లేకుంటే దోమలు చేరుతవి. గోడ పునాదికి, తాగే నీటి బావికి, బోరుకు అది దూరంగా ఉండవలెను. నీరు ఎక్కువైతే ఒకటికి రెండు గుంతలు తవ్వండి. కప్పుమీది వాననీటికి వేరే గొట్టం వేసి, దానికీ ఒక గుంత చూపించండి.

అన్నింటికన్న ముందు, కొళాయి సంగతి. నొక్కితేనే నీరు వచ్చి, వదిలితే ఆగిపోయే కొళాయిలు బజారులో దొరుకుతున్నవి. అవి బిగిస్తే సగం పని అక్కడనే తీరుతుంది.

ఇది ధర్మానికి సమ్మతమేనా అని పెద్దలు కొందరు సంకోచించవచ్చును. ఆ సంకోచం గౌరవించదగినదే. అందుకు రెండు మూడు ఉదాహరణలు మనవి చేస్తాను. 1978లో సౌదీ అరేబియాలోని అగ్ర ధర్మపండితుల మండలి ఒక నిర్ణయం ప్రకటించినది. వాడిన నీటిని బాగుగా శుద్ధి చేసి, రంగు, రుచి, వాసనల దోషం పోగొడితే, దానిని మరల వజూకు సైతం వాడవచ్చునని అన్నది. మనం అడుగుతున్నది అంత పెద్ద మాట కాదు. చెట్టుకు పోయండి అంటున్నాము, అంతే. ఒమాన్ దేశంలో వజూ నీటిని వడకట్టి మసీదు తోటలకు పెట్టి చూచినారు. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఇస్తిక్లాల్ మసీదు ఉన్నది. 1978లో ప్రారంభమైనది. లక్షమందికి పైగా ఒకేసారి నమాజు చేయగల మహా కట్టడం. దానిని రూపొందించిన శిల్పి ఫ్రెడరిక్ సిలబాన్ క్రైస్తవుడు. ఆ మసీదును 2020లో పునరుద్ధరించినప్పుడు సూర్యకాంతి ఫలకాలు పెట్టినారు. సన్నని ధారగా నీరు వచ్చే కొళాయిలు బిగించినారు. వాడిన నీటిని మరల ఉపయోగించే ఏర్పాటు చేసినారు. వానలకు కొదవలేని జకార్తాలో ఇంత జాగ్రత్త! మరి అనంతపురంలో మనం ఎంత జాగ్రత్త పడవలెను?

ఈ మాటలు ముస్లిము సోదరులకు మాత్రమే చెప్పుచున్నానని తక్కినవారు అనుకోవద్దు. మన సీమలో దేవుళ్ళకు ఒకే వాకిలి లేదు. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ గారి దర్గాకు, మనం బాబయ్య దర్గా అని చెప్పుకొనే ఆ చోటుకు, అన్ని కులాలవారు వెళ్తారు. నార్పల దగ్గరి గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు హిందువులు వేలుగా తరలివచ్చి మ్రొక్కులు తీర్చుకొంటారు. మన దూదేకుల సోదరులు ఇంట తెలుగు మాట్లాడుతూనే నమాజుకు వెళ్తారు. ఇట్లా కలిసి మెలిసి బ్రతికే నేలమీద నీరు కూడా అందరిదీ. మసీదు గుంతలో ఇంకిన నీరు ప్రక్క వీధి బోరుకు ఊట అవుతుంది. కనుక గుడి ముంగిట కాళ్ళు కడుగుకొనే కొళాయి దగ్గర, చర్చి ఆవరణలో, బడిలో పిల్లలు చేతులు కడుగుకొనే చోట, ఇదే పద్ధతి పనికివస్తుంది.

చెప్పినదానిని మరల ఒకసారి చెప్పి ముగిస్తాను. కొళాయి సన్నగా తిప్పండి. వజూ నీటికి వేరే దారి పెట్టండి. ముందు చెట్టుకు, మిగిలినది గుంతకు. ఇదే నా మనవి అంతా.

ముతవల్లులకు, మసీదు కమిటీ పెద్దలకు, పేష్ ఇమాములకు ఒక విన్నపం. రాబోయే జుమ్మానాడు నమాజు ముగిసిన తరువాత, అందరూ ఉండగానే, మన వజూ నీరు ఎక్కడికి పోతున్నదో ఒకసారి గొట్టం వెంబడి నడచి చూడండి. ఆ దారి మురుగు కాలువ దగ్గర ఆగితే, అక్కడనే తీర్మానం చేయండి. ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు, రెండు బండ్ల రాళ్ళు ఉంటే చాలును. మృగశిర కార్తె వానలు మొదలయ్యేలోగా గుంత సిద్ధం చేయండి. మొదటి వానకు దాని ప్రక్కన ఒక వేపమొక్క నాటండి. యజ్ద్‌లోనూ, బాగేర్‌హాట్‌లోనూ ఆనాటి పెద్దలు తమ తరానికి తగిన పని చేసి వెళ్ళినారు. మన తరానికి తగిన పని ఇది. మన చేతిలో ఉన్న పని.